నీలం అట్ట

పన్నెండు టన్నుల మోటారు నేలకు మూడడుగుల ఎత్తున వేలాడుతుండగా యేసుదానం చొక్కా జేబులో ఫోను మోగింది. ఆయన దానివైపు చూడనైనా లేదు. లోడు గాల్లో ఉన్నంతసేపూ ఆయన చేతులు ఆయనవి కావు, పైన క్రేన్ కేబిన్లో కూర్చున్న ఆపరేటరువి. కుడిచెయ్యి చాపి చూపుడువేలు నేలకేసి గుండ్రంగా తిప్పుతుంటే మోటారు అంగుళం అంగుళం దిగుతోంది. ఎడమచేతి వేళ్లు రెండు నోట్లోకి పోతే ఈల. ఆ ఈలకి ఉక్కు ప్లాంటులో పేరుంది. మిల్లు మోతను కూడా చీల్చుకుని వినిపించే ఈల అది. కాలనీలో ఆర్కెస్ట్రా అయినా, చర్చిలో క్రిస్మస్ నాటకమైనా, తోటివాడి కొడుకు కీబోర్డు మీద మూడు వేళ్లతో జాతీయగీతం వాయించినా, ముందు వరసలోంచి అదే ఈల. కన్నవాళ్లు ఏ గడియలో ఆ పేరు పెట్టారో గాని, యేసుదానం జీవితమంతా దానం చేసింది గొంతే. పాడటానికి కాదు. పాడేవాళ్లకి.

మోటారు దిమ్మకి జానెడు ఎత్తులో ఉండగా, అవతలివైపు నిలబడ్డ తవిటయ్య రెండు చేతులూ భుజాల ఎత్తున పక్కలకి బారజాపాడు.

అంతే. క్రేన్ ఆగింది. యేసుదానం వేలు ఆగింది. గునపం ఎత్తినవాడు ఎత్తినట్టే, నుదురు తుడుచుకుంటున్నవాడు తువ్వాలు నుదుటి మీదే ఉంచుకుని ఆగిపోయారు. మోటారును మోస్తున్న ఇనప తాడు అంచు మీదికి జారుతోంది. చూసింది తవిటయ్య ఒక్కడే. ఆ సైగ ముఠాలో ఎవడు చూపించినా అందరూ ఆగాలి. చేతులు చాపినవాడే దించాలి. దించేదాకా కాలూ కదలకూడదు, నోరూ కదలకూడదు. ఇది రూల్సు పుస్తకంలో ఎన్నో పేజీలో ఉందో బరువులెత్తే ఖలాసీలకు తెలియదు గాని, తమ ఒంట్లో ఎక్కడుందో తెలుసు.

తవిటయ్య తాపీగా చూసుకుని, చేతులు దించి, "కొద్దిగా లేపించు బావ, తాడు సర్దుకుందాం" అన్నాకే షాపులో మళ్లీ ఊపిరి మొదలైంది.

మోటారు దిమ్మ మీద కుదురుకున్నాక యేసుదానం ఫోను తీశాడు.

"అంకుల్, నవీన్‌ని. స్వరసమరం ఈవెంట్ మేనేజర్‌ని. కంగ్రాట్స్! మీ రోజలిన్ ఫైనల్ అయిదుగురిలో ఉంది."

యేసుదానం ఈల వేశాడు. పైన ఆపరేటరు ఉలిక్కిపడి క్రేన్ ఆపేశాడు.

"ఏటైనాది బావా?" అని పరిగెత్తుకొచ్చాడు తవిటయ్య.

"మా గుంట ఫైనల్‌కి ఎల్లింది! సముద్రం మీద పాట కట్టింది సూడు, అదే!"

"నీ మేనకోడలేనా? అయితే ఆదివారం ముఠా మొత్తం అక్కడే," అన్నాడు తవిటయ్య. అనడమే కాదు, అప్పటికప్పుడు అందరి చేతా తలలూపించాడు.

సాయంత్రం షిఫ్టు దిగగానే యేసుదానం కూర్మన్నపాలెం జంక్షన్లో ఉన్న ఫంక్షన్ హాలుకి వెళ్లాడు. గేటు దగ్గరే పసుపుపచ్చ ఆర్చీ, దాని మీద బిల్డర్ శ్రీరామ్మూర్తి నవ్వుతున్న బొమ్మ. బొమ్మ కింద "శ్రీరామ్మూర్తి ఎస్టేట్స్ సమర్పించు స్వరసమరం". సమర్పించేదెవరో పెద్దక్షరాల్లో, స్వరం చిన్నక్షరాల్లో ఉన్నాయి. ఆ ఎక్కువతక్కువలు యేసుదానం అప్పుడు చదవలేదు.

నవీన్‌కి ముప్పయ్యేళ్లుంటాయి. మెడలో హెడ్‌ఫోను డాక్టరు గొట్టంలా వేసుకున్నాడు. పాటకి ఏ రోగం వచ్చినా తనే చూస్తానన్నంత ధీమా మొహంలో.

"గెలుపు ఎలాగంటే అంకుల్, జడ్జిలు ఉండరు. జనమే జడ్జి. పాట అయిన అర నిమిషంలో హాల్లో ఎంత చప్పుడు వస్తే అంత మార్కు. మెషిన్ ఉంది. గెలిచినవాళ్లకి బీచ్ ఫెస్టివల్లో రెండు గంటలు సొంత ప్రోగ్రాం. మనమ్మాయి సొంత పాటలన్నీ పాడుకోవచ్చు."

రెండు గంటలు! ఆ పిల్ల గోపాలపట్నంలో సూపర్ మార్కెట్ బిల్లింగ్ కౌంటర్లో రోజుకి తొమ్మిది గంటలు నిలబడి, వచ్చి, రాత్రి అన్నానికి ముందు ముప్పావుగంట గిటారు పట్టుకుంటుంది. ఆ ముప్పావుగంటల్లోంచి పుట్టుకొచ్చిన పాటలు పద్నాలుగు. ఎవరూ అడగనివి. యేసుదానానికి కళ్లముందు సముద్రం, ఇసక, జనం, జనం ముందు తను.

"ఒకే ఒక్క చిన్న విషయం. నాకు క్రౌడ్ కావాలి అంకుల్. మీ అమ్మాయికొక్కదానికే కాదు, అయిదుగురికీ. మీవాళ్లు ఎంతమంది?"

"నలభై. ఆడోళ్లతో కలిపి డెబ్భై అవతారు."

"సూపర్. దువ్వాడ కాలేజీ పిల్లలు ఇంకో నూరుమంది వస్తారు. రేపు ఆడియన్స్ షూట్, ఎల్లుండి ప్రోగ్రాం. ఇక్కడొక సంతకం."

యేసుదానం సంతకం పెట్టాడు. చదివి పెట్టాడా అని అడిగితే, ప్లాంటులో ఎన్ని కాగితాలు చదివి పెట్టాడో అదీ అలాగే పెట్టాడు.

*

శనివారం పొద్దున పదిగంటలకి డెబ్భైమందీ హాల్లో ఉన్నారు. అందరికీ పసుపు టీ షర్టులు పంచారు. వీపు మీద ఎస్టేట్ పేరు. ఖలాసీల భుజాలకి ఆ చొక్కాలు చాలలేదు. తవిటయ్యది తొడుక్కుంటుండగానే చంక కింద చిరిగింది. "ఎస్టేటోడు బట్టలోనూ గజాలు కొట్టేసినాడు," అన్నాడతను.

స్టేజీ మీద ఎవరూ లేరు. మైకు ఉంది, దాని ముందు గాలి ఉంది. నవీన్ మూడు రంగుల అట్టలు పట్టుకుని నిలబడ్డాడు. కెమెరాలు స్టేజీవైపు కాదు, జనంవైపు తిరిగి ఉన్నాయి.

"ఆకుపచ్చ అట్ట ఎత్తితే చప్పట్లు. ఎరుపు ఎత్తితే గోల, ఈలలు, డాన్సులు. నీలం ఎత్తితే కన్నీళ్లు. ఓకేనా?"

"కన్నీల్లేటి బాబూ?" అంది యేసుదానం భార్య రత్నమణి.

"ఎమోషన్ ఆంటీ. ఎమోషన్ లేకపోతే ప్రమోషన్ లేదు."

"పాటెవరు పాడతారు మరి?"

"పాట రేపు. ఇవాళ మీ మొహాలు తీసుకుని, తర్వాత ఏ పాటకి ఏది సరిపోతే అది అతికిస్తాం."

అంటే ముందు వాంతి, తర్వాత విందు. ఎవరికీ ఏమీ అనిపించలేదు. పిలిచిన పెళ్లికి వచ్చాక పెళ్లికొడుకు ఏడని అడిగేవాళ్లు కారు వాళ్లు. ఆకుపచ్చకి చప్పట్లు కొట్టారు. ఎరుపుకి హాలు అదిరింది. యేసుదానం కుర్చీ ఎక్కి వేసిన ఈలకి సౌండ్ కుర్రాడు చెవుల మీంచి హెడ్‌ఫోను పీకేసుకున్నాడు. నవీన్ బొటనవేలు చూపించాడు.

నీలం అట్ట దగ్గర పని చెడింది.

ఖలాసీలు అట్టకేసి చూశారు. అట్ట వాళ్లకేసి చూసింది. ఒక్కడి కన్నూ తడవలేదు.

"ఎవరైనా పోయినవాళ్లని తలుచుకోండి," అని నవీన్ సలహా.

"మా మావ పోయినాడు," అన్నాడు తవిటయ్య, "ఏడుద్దామని సూత్తన్నాను గాని, ఆడి మొహం తలుసుకుంటే నవ్వొత్తంది బాబూ."

రత్నమణి చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకుని కెమెరా ఆవిడ దగ్గరికి పరిగెత్తింది. తీరా చూస్తే ఆవిడ భుజాలు నవ్వుతో ఎగురుతున్నాయి. ఆ నవ్వు వరసల మీదుగా అంటుకుంది. ముప్పావుగంట ప్రయత్నించి నవీన్ అట్ట కింద పడేశాడు. "రేపు గ్లిజరిన్ తెప్పిస్తా. మీరు మనుషులా, మొద్దులా?"

"ఖలాసీలం బాబూ," అన్నాడు యేసుదానం నవ్వుతూ. మొద్దులు మొయ్యడం తమ వృత్తేనని ఆయన లెక్క.

మధ్యాహ్నం నరేష్ వచ్చాడు. బిల్డరు కొడుకు. నల్లకళ్లద్దాలు, మెడలో వెండి గొలుసు, వెనక ముగ్గురు మనుషులు. ఒకడు గిటారు పట్టుకున్నాడు, ఒకడు మంచినీళ్లు, ఒకడు ఊరికే. నరేష్ మైకు ముందు నిలబడ్డాడు. పాట మొదలైంది. అతనింకా నోరు తెరవలేదు. పాట ముందు నడుస్తోంది, పెదాలు వెనకాల పరిగెత్తుతున్నాయి. మధ్యలో అతను తుమ్మాడు. పాట తుమ్మలేదు.

"గొంతు పెట్టిలో ఉంది బావ," అన్నాడు తవిటయ్య మెల్లగా, "పెట్టి మొయ్యడానికి ఈడొచ్చినాడు."

నవీన్ జనంవైపు తిరిగాడు. "రేపు నరేష్ గారు పాడేటప్పుడు పిన్ డ్రాప్ సైలెన్స్. ఎమోషనల్ సాంగ్. పాట అయ్యాక గోల. మిగతా నలుగురికీ మొదటి లైను నుంచే ఎర్ర అట్ట. ఎనర్జీ! పాట అయ్యేసరికి మీ గొంతులు పోవాలి."

"మా గొంతులు అంత బేగి పోవు బాబూ!" అని యేసుదానం అందరి తరపునా మాట ఇచ్చాడు.

స్టేజీ మెట్ల దగ్గర రోజలిన్ గిటారు సంచీ భుజానికి తగిలించుకుని నిలబడి ఉంది. మైకు చూసుకోవడానికి అయిదు నిమిషాలు ఇస్తామంటే సెలవు పెట్టుకుని వచ్చింది. మూడున్నర దాకా నిలబెట్టి, టైం లేదన్నారు. ఆ పిల్ల అట్టల కట్టకేసి ఒకసారి చూసింది.

ఇంటికొచ్చాక రత్నమణి సందువా చేప పులుసు వడ్డిస్తుంటే రోజలిన్ అడిగింది.

"మావా, నా పాట దేని మీద?"

"సముద్రం మీద. ఊరంతటికీ సెప్పాను కదేటి."

"మొదటి లైనేటి?"

"సముద్రమా సముద్రమా, ఎంత ఉప్పు నీకు!" అని యేసుదానం రాగం తీసి, తనకు తనే చిటికె వేసుకున్నాడు.

"రెండోది?"

యేసుదానం ముద్ద కలుపుతూ ఆగాడు. నాలుక మీద వెతికాడు. పులుసు ఉంది, పదం లేదు. చర్చిలో విన్నాడు, కాలనీ వార్షికోత్సవంలో విన్నాడు, ఇంట్లో వారానికి రెండుసార్లు విన్నాడు. ఇంట్లో అయితే మొదటి లైనుకే "వారెవా!" అని వీధి తలుపు తెరిచి ఎదురింటివాళ్లని కేకేశాడు.

"నువ్వు విన్లేదు మావా. ఎవరూ విన్లేదు. నాను ఎక్కడ పాడినా మొదటి లైనుకే నీ ఈల లేత్తాది. నీ ఈల లేత్తే తవిటయ్య బాబాయోల్లు లేత్తారు. ఆ మీద నాను ఏడిసినా, నవ్వినా, తిట్టినా ఒకటే. రేపు ఎర్ర అట్ట ఎందుకో తెల్సా? నరేష్ పాట తప్ప ఇంకెవరిదీ ఎవరికీ వినపడకూడదని. ఆల్లు కావాలని సేత్తన్నారు. నువ్వు పేమతో సేత్తన్నావు. పాటకి మాత్రం రెండూ ఒకటే."

"అయితే రేపు నానే రాను," అన్నాడు యేసుదానం.

"రావాల. ఈల ఒద్దు."

"అరిసేవోడు లేకపోతే మార్కులెలా పడతాయే? మెషినంటన్నారు!"

"ఒక్కసారి వినబడితే సాలు మావా. మార్కుల మాట నాకొదిలెయ్యి."

యేసుదానం కంచంలో చెయ్యి కడిగేసుకున్నాడు. సందువా ముక్క అలాగే ఉంది. ఇరవయ్యేళ్లుగా తను ఎవరెవరికి ఈల వేశాడో అందరూ బంతిలో వరసగా కూర్చుని, ఆయన వడ్డించింది ఒద్దని విస్తరి మడిచినట్టుంది. రత్నమణి ఆయనకేసీ, పిల్లకేసీ చూసి, చేప ముక్క తీసి పిల్ల కంచంలో వేసింది. అదీ తీర్పే.

*

ఆదివారం నాలుగింటికి ప్రోగ్రాం మొదలైంది. పసుపు చొక్కాలతో హాలు ఆవపిండి ఒలికినట్టుంది. మూడో వరస చివర యేసుదానం చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు.

మొదటి కుర్రాడు పాడాడు. ఎర్ర అట్ట లేచింది. రెండో ఆయన వేణువు వాయించాడు. ఎర్ర అట్ట లేచింది. ఆయన బుగ్గలు ఉబ్బడం, వేళ్లు కదలడం కనిపించాయి. వేణువు మాత్రం వెదురుగానే మిగిలింది. మూడో అమ్మాయి మధ్యలో ఆగి, "ప్లీజ్" అన్నట్టు చెయ్యెత్తింది. అదేదో హుషారనుకుని కాలేజీ పిల్లలు ఇంకా అరిచారు. గొంతులన్నీ కలిసి గొంతు నులమడం యేసుదానం కింద కూర్చుని చూడటం అదే మొదలు. ఇన్నాళ్లూ ఆయన ఆ చేతుల్లో ఒక చెయ్యి. పేరుకి స్వరసమరం. సమరం సాగుతూనే ఉంది, చచ్చేది స్వరమే.

నాలుగోది నరేష్. అట్ట లేవలేదు. నూటడెబ్భై మంది నోరు మూసుకుని పెట్టెలో పాట విన్నారు. నరేష్ పెదాలు ఇవాళ కాస్త వెనకబడకుండా వచ్చాయి. పాట అయ్యాక ఎర్ర అట్ట ఎగిరింది, హాలు పేలింది. మెషిన్ అంకె తెర మీద వెలిగింది. తొంభై నాలుగు.

"ఫైనల్ కంటెస్టెంట్, రోజలిన్!"

ఆ పిల్ల వచ్చి మైకు ఎత్తు తనకు తగ్గించుకుంది. అది కూడా ఎవరూ చెయ్యలేదు. గిటారు తీగె ఒకటి మీటి, చెవి ఒగ్గి, బిరడా సగం చుట్టు తిప్పింది. మొదటి లైను అందుకుంది.

*సముద్రమా సముద్రమా, ఎంత ఉప్పు నీకు...*

ఎర్ర అట్ట లేచింది. కాలేజీ పిల్లలు అందుకున్నారు. "రోజలిన్! మా రోజలిన్!" అని ముఠా నలభైమందీ ఒక్కసారి లేచారు. తవిటయ్య ఈల వేశాడు, రాత్రి మాట మరిచిపోయి రత్నమణి కూడా చేతులు తలపైకెత్తి చప్పట్లు కొట్టింది. ప్రేమకి లోపం లేదు. స్టేజీ మీద పిల్ల పెదాలు కదులుతున్నాయి. ఇందాకటివాడికి గొంతు లేకుండా పాట ఉంది. ఈ పిల్లకి గొంతుండీ పాట లేదు. ఆమె చూపు మూడో వరసలో తన మావయ్య మీద ఉంది. బతిమాలుతున్న చూపు కాదు. తెలిసిన విషయమే మళ్లీ జరుగుతుంటే చూసే చూపు.

యేసుదానం లేచి నడవాలోకి వచ్చాడు. స్టేజీవైపు తిరిగి, రెండు చేతులూ భుజాల ఎత్తున పక్కలకి బారజాపాడు.

తవిటయ్య ఈల సగంలో తెగింది. ఎత్తినచెయ్యి ఎత్తినట్టే, తెరిచిన నోరు తెరిచినట్టే, నలభైమంది ఖలాసీలూ ఆగిపోయారు. వాళ్లని చూసి భార్యలు ఆగారు. అంతలావు మనుషులు అంత హఠాత్తుగా నోరు మూసుకోవడం చూసి, ఏదో ప్రమాదం జరిగిందనుకుని కాలేజీ పిల్లలూ ఆగారు. నవీన్ ఎర్ర అట్ట పట్టుకుని ఊపాడు, గాలి వచ్చింది. హాల్లో ఫ్యాన్లు తిరిగే చప్పుడు.

రోజలిన్ ఆగలేదు. రెండో లైను మీద ఉంది.

*మా అమ్మ వీపు మీద తెల్లగా ఆరే
చెమట చారల కన్నానా...*

యేసుదానం చేతులు అలాగే ఉన్నాయి. ఆయన చెల్లెలు, పిల్ల తల్లి, కరుణమ్మ హార్బరులో రొయ్యలు ఒలిచి, సాయంత్రం నడిచి వచ్చేది. ఆ జాకెట్టు వీపు ఆయనకు తెలుసు. అది ఒక పాటలో ఉందని తెలియదు.

*మంచులో నానిన వేళ్లు, రొయ్య ఒలిచిన వేళ్లు
జడ అల్లితే జడంతా నీ వాసనే
బడికి పోనని ఏడ్చాను అమ్మా, ఆ వాసనకి
ఇప్పుడు దువ్వెన తీసి వాసన చూస్తన్నాను
ఏ వాసనా లేదు, సముద్రమా
నీ దగ్గరుంటే ఇవ్వు...*

గొంతు పెద్దది కాదు. ఎక్కడా ఎత్తుకోలేదు, ఎక్కడా దిగజారలేదు. పక్కన కూర్చుని చెబుతున్నట్టు పాడింది. రత్నమణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇవాళ నవ్వు కాదు. ఆడపడుచు ఆఖరి నెలల్లో తల దువ్వింది ఆవిడే. తవిటయ్య చిరిగిన పసుపు చొక్కా చేత్తోనే మొహం తుడుచుకున్నాడు. మావ పోయినప్పుడు ఏడవని మనిషి. యేసుదానం మొహం మీద నీళ్లు గడ్డంలోకి దిగుతున్నాయి. చేతులు చాపి ఉన్నాయి కాబట్టి తుడుచుకునే వీల్లేదు. ఎదురుగా, స్టేజీ కింద, ఒక కెమెరా ఆయన మొహానికి రెండు బారల దూరంలోకి వచ్చి నిలబడింది. ఆయన దాన్ని చూడలేదు.

ఆఖరి తీగె మోగి ఆగింది. రోజలిన్ తలెత్తింది.

అర నిమిషం మొదలైంది. తెర మీద మెషిన్ అంకెలు తయారుగా ఉన్నాయి.

యేసుదానం చేతులు దించలేదు. ఆయన హాల్లో లేడు. రొయ్యల షెడ్డు గేటు దగ్గర చెల్లెలి కోసం నిలబడి ఉన్నాడు. చేతులు చాపినవాడు దించేదాకా ఎవరూ మెదలకూడదు. నలభైమంది గొంతుల్లో చప్పట్లు, ఈలలు, పిల్ల పేరు, అన్నీ వచ్చి నిలబడ్డాయి. ఒక్కడు కదల్లేదు. ఖలాసీ ప్రాణం పోయినా ఆ చేతుల కింద కదలడు. కాలేజీ పిల్లలు వాళ్లకేసి చూస్తూ కూర్చున్నారు. పది సెకన్లు. ఇరవై. ఫ్యాన్ల చప్పుడుకి మెషిన్ పదకొండు చూపించి, మళ్లీ తొమ్మిదికి దిగింది.

"ఓలమ్మో, సేతులు దించండీ!" అని రత్నమణి పరిగెత్తుకొచ్చి ఆయన మోచెయ్యి లాగింది.

చేతులు దిగాయి. హాలు కూలిపోతుందేమో అన్నంత చప్పుడు లేచింది. కాని తెర మీద అర నిమిషం అయిపోయింది.

"టైమప్! సో సాడ్," అన్నాడు నవీన్ మైకులో, "రోజలిన్, తొమ్మిది! విన్నర్, నరేష్!"

బయట స్కూటర్ల దగ్గర యేసుదానం పిల్ల మొహంకేసి చూడలేకపోయాడు. "నా వల్లే పోయింది. నాను సేతులు దించుంటే..."

"రెండో లైనేటి మావా?" అంది రోజలిన్.

"సెమట సారలు. మీ అమ్మవి."

"మరి పోయిందంటావేటి? విన్నావు కదా." ఆ పిల్ల గిటారు సంచీ ఆయన భుజానికి తగిలించి ముందు నడిచింది. నడకలో హుషారు ఉంది. ఓడిపోయి అంత తేలిగ్గా నడిచేవాళ్లని యేసుదానం ఎప్పుడూ చూడలేదు.

*

మంగళవారం మధ్యాహ్నం క్యారియర్లు విప్పే వేళకి తవిటయ్య ఫోను పట్టుకుని వచ్చాడు. మొహం ఎలాగో ఉంది.

"బావ, నువ్వోపాలి కూకో."

వీడియో నరేష్‌ది. పేరు "హృదయాలను కదిలించిన పాట". నరేష్ కళ్లద్దాలు తీసి పెదాలు కదుపుతున్నాడు. ప్రేమించిన పిల్ల ఫోను ఎత్తడం లేదని పాట. రెండో చరణంలో రత్నమణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. తవిటయ్య చిరుగు చొక్కాతో మొహం తుడుచుకున్నాడు. పాట తారస్థాయికి వెళ్లేసరికి తెర నిండా యేసుదానం. చేతులు రెండూ బారజాపి, గడ్డం మీంచి నీళ్లు కారుతూ, నరేష్ ముందు సాష్టాంగపడబోయేవాడిలా. ఆ మొహాన్ని మూడుసార్లు చూపించారు. ఒకసారి నెమ్మదిగా. రెండు రోజుల్లో ఆరు లక్షలమంది చూశారని కింద రాసి ఉంది.

"రోజలిన్ పాటేది?"

"లేదు బావ. మొత్తం ఎతికాను. ఆకర్న పాల్గొన్నోల్లని అయిదుగురి మొకాలూ పెట్టినారు. అందులో ఉన్నాది. మొకమే."

యేసుదానం క్యారియరు మూత పెట్టేశాడు. నవీన్‌కి ఫోను చేశాడు.

"అంకుల్! నేనే చేద్దామనుకుంటున్నా. ఏం ఎక్స్‌ప్రెషన్ అంకుల్ అది! శనివారం నీలం అట్ట పట్టుకుని ముప్పావుగంట నిలబడితే ఒక్క చుక్క రాల్చలేదు. ఆదివారం అట్ట ఎత్తకుండానే పిండేశారు. శ్రీరామ్మూర్తి గారు ఫ్లాట్ అయిపోయారు."

"ఆయన ఫ్లాట్లు నాకొద్దు. అవి మా సెల్లి కోసం వచ్చిన కన్నీల్లు బాబూ. మా గుంట పాటకొచ్చినాయి."

"ఎవరి కోసం వస్తే ఏంటి అంకుల్? కెమెరాకి తెలియదు కదా."

"నాకు తెల్దేటి?"

"మీరు సంతకం పెట్టారు కదా. ఎక్కడైనా, ఎవరికైనా వాడుకోవచ్చు అని. అది వదిలెయ్యండి. వచ్చే నెల అనకాపల్లిలో ఇంకోటి చేస్తున్నాం. మీ ముఠా మొత్తం కావాలి. ఆ చేతులు చాపడం, అందరూ ఒక్కసారి సైలెంట్ అయిపోవడం... డైరెక్టర్‌కి పిచ్చెక్కిపోయింది. దానికో తెల్ల అట్ట పెడదాం అంకుల్!"

యేసుదానం ఫోను పెట్టేశాడు. నోట్లో ఏదో పులిసినట్టుంది. వెళ్లి కుళాయి దగ్గర పుక్కిలించాడు, మళ్లీ పుక్కిలించాడు. పోలేదు. వేలం పాటల్లో సామాన్లు పాడుకుంటారని ఆయనకు తెలుసు. తన చెల్లెల్ని ఎవరో పాడుకుపోతారని తెలియదు.

సాయంత్రం కూర్మన్నపాలెం బస్టాపులో రోజలిన్ కోసం నిలబడ్డాడు. ఇంటికి వెళ్లేలోపు, ఇంకెవరూ చెప్పకముందు, తనే చెప్పాలి. ఎలా మొదలుపెట్టాలో మూడు రకాలుగా అనుకున్నాడు. గోపాలపట్నం నుంచి సిటీబస్సు వచ్చింది. పిల్ల దిగింది. ఆయన నోరు తెరిచేలోపే అంది:

"సూసాను మావా. బిల్లింగ్ కాడ ఒకామె ఫోన్లో సూపించింది. సామాన్లు స్కాన్ సేత్తన్నాను. 'ఈ పాట వింటే ఏడుపొస్తాదమ్మా, విను' అంది."

"విన్నావా?"

"బిల్లు కొట్టాల కదా. విన్నాను."

ఇద్దరూ నిలబడ్డారు. ఆదివారం నాటి హుషారు ఆ పిల్ల భుజాల్లో ఎక్కడా లేదు. తను వినిపించింది నిజంగా నూటడెబ్భై మందికి వినిపించిందని రెండు రోజులు నమ్మింది. ఇప్పుడు ఆ వినడం కూడా ఇంకొకడి పేరు మీదికి మారిపోయింది. 

"అంకుల్! మీరేనా?"

నలభయ్యేళ్లావిడ, భుజానికి బ్యాగు, చేతిలో ఆకుకూరల సంచీ. మొహం వెలిగిపోతోంది.

"నరేష్ పాటకి ఏడ్చింది మీరే కదండీ! మా ఇంట్లో అందరం మిమ్మల్ని చూసి ఏడ్చేశాం. పాట ఏమిటో అంత గుర్తు లేదు గాని, మీ మొహం మాత్రం..."

"ఆ పాటకి కాదమ్మా," అన్నాడు యేసుదానం. "ఇదిగో, ఈ పిల్ల పాటకి..."

గాజువాక వెళ్లే బస్సు హారను కొట్టుకుంటూ వచ్చింది.

"ఆఁ? ఏంటండీ?"

"ఈ పిల్ల పాడింది! ఈ పిల్ల పాటకి ఏడ్సినాను!" గొంతు చించుకుని అరిచాడు. బస్టాపులో పదిమంది తిరిగి చూశారు.

ఆవిడ రోజలిన్ కేసి ఆప్యాయంగా చూసింది. "మీ అమ్మాయా? తనూ పాడుతుందా? మంచిదమ్మా, నేర్చుకో." ఫోను తీసి కెమెరా పెట్టి పిల్ల చేతిలో ఉంచింది. "ఒక్క ఫొటో తియ్యవా తల్లీ. నేనూ నాన్నగారూ."

రోజలిన్ ఫోను తీసుకుంది. రెండడుగులు వెనక్కి వేసింది.

"అంకుల్, అందులోలాగే చేతులు చాపండి. కొంచెం ఆ ఏడుపు మొహం కూడా పెట్టండి, ప్లీజ్."

యేసుదానం చేతులు చాపలేదు. అవి పక్కన వేలాడుతూ ఉన్నాయి. ఎదురుగా చూశాడు. ఫోను అడ్డం ఉంది. దాని వెనక పిల్ల మొహం కనబడలేదు. ఫోను పట్టుకున్న వేళ్లు మాత్రం కనబడ్డాయి. కదిలితే ఫొటో చెడుతుందని రెండో చెయ్యి కూడా వేసి గట్టిగా పట్టుకుంది.

ఆవిడ ఫోను తీసుకుని చూసుకుంది.

"అబ్బ, ఎంత బాగా వచ్చిందో!" అంది.